ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ అడ్మిషన్లు: ఆ 4 శాతం ఎవరికి అందుతోంది?

కడప జిల్లా వేంపల్లె దగ్గరి ఈ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. రెండేళ్లు పీయూసీ (ఇంటర్ లాంటిది), నాలుగేళ్లు బీటెక్. మామూలుగా ఎంట్రెన్స్ ఉండదు, పదో తరగతి మార్కులే ఆధారం. నాన్ రెసిడెన్షియల్ సర్కారు, జెడ్పీ, మున్సిపల్ బడుల్లో చదివినవాళ్లకు వెనుకబాటు (డిప్రివేషన్ స్కోరు) కింద మార్కులకు 4 శాతం కలుపుతారు. గ్రేడ్లున్న రోజుల్లో అది పదికి 0.4. అంటే జెడ్పీ బడిలో 9.6 తెచ్చుకున్న పిల్ల, కార్పొరేట్ బడిలో 10 తెచ్చుకున్న పిల్లతో సమానం. మార్కుల్లో పిల్లల తెలివితో పాటు ట్యూషన్ డబ్బు, ఇంట్లో చదువు కూడా కలిసుంటాయని ఒప్పుకున్న పద్ధతి ఇది. అందుకే దీన్ని గట్టిగా సమర్థించాలి.

కానీ ఆ 4 శాతం బడిని చూస్తుంది, బతుకును చూడదు. కర్నూలు జిల్లా కోసిగి వైపు కుటుంబాలు మిరప, పత్తి పనులకు గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే సీజను కూలికి వలస, పోతాయి. పిల్లలూ వెంట పోతారు. పదో తరగతి రివిజన్ జరిగేది సరిగ్గా ఆ నెలల్లోనే. వాళ్లకూ 4 శాతమే, కర్నూలు టౌన్లో ఇంటి పక్కనే మున్సిపల్ బడి, సాయంత్రం ట్యూషన్ ఉన్నవాళ్లకూ 4 శాతమే. పైగా పది మొదటిసారే పాస్ కావాలి. సప్లిమెంటరీలో గట్టెక్కితే దరఖాస్తుకే అర్హత లేదు. ఈ నిబంధన అన్యాయం, మొదట తీసేయాల్సింది ఇదే.

మార్కులు సమానమైతే ముందు లెక్కలు, తర్వాత సైన్స్ చూస్తారు. లెక్కల టీచరు లేని బడి పిల్ల అక్కడ రెండోసారి నష్టపోతుంది. టై పడ్డప్పుడు తల్లి చదువు తక్కువున్న బిడ్డకు ముందు సీటివ్వడం మేలు. కూలి చేసి ఊళ్లో చిన్న ప్రైవేటు బడికి ఫీజు కట్టే ఇళ్ల పిల్లలకైతే ఇప్పుడు ఏమీ కలవదు.

4 శాతాన్ని స్లాబులు చేయాలి. విద్యార్థి హాజరును బట్టి ఇస్తే దొంగ గైర్హాజర్లు పుడతాయి. కాబట్టి వలస ఎక్కువున్న మండలాలను ముందే ప్రకటించి, అక్కడ తొమ్మిది, పది చదివినవాళ్లకు 6 శాతం ఇవ్వాలి. వలస వెళ్లేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టళ్లు సుగ్గి మొదలయ్యేలోపే తెరవాలి, బండ్లు కదిలాక తెరిస్తే ఖాళీగానే ఉంటాయి.

దరఖాస్తు చేసేవాళ్లు బడి రకం గడిని జాగ్రత్తగా నింపండి. స్టడీ సర్టిఫికెట్‌లో యాజమాన్యం పేరు, నాన్ రెసిడెన్షియల్ అన్న మాట రెండూ హెడ్‌మాస్టర్‌తో రాయించుకోండి.