కాలిన ఇనుమా, కర్రసామా?

1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ పాలకుడు విలియం ఇంగ్లండ్‌ను గెలిచాక, సాక్ష్యం తేలని కేసుల్లో నేరం తేల్చడానికి రెండు దారులుండేవి. ఒకటి అక్కడ ముందునుంచీ ఉన్న అగ్నిపరీక్ష. రెండోది నార్మన్లు, అంటే నార్మండీవాళ్లు, వెంట తెచ్చిన ద్వంద్వయుద్ధం. నార్మన్ నేరం మోపితే, ఏది కావాలో ఆంగ్లేయుడే ఎంచుకోవచ్చని విలియం శాసనం చేశాడు.

అగ్నిపరీక్షలో ఎర్రగా కాలిన ఇనుప ముక్కను చేత్తో పట్టుకుని తొమ్మిది అడుగులు నడవాలి. తర్వాత చేతికి కట్టు కడతారు. మూడు రోజులకు విప్పి చూస్తారు. కాలిందా లేదా అన్నది కాదు లెక్క, పుండు శుభ్రంగా మానుతోందా, చీము పట్టిందా అన్నదే. చూసి చెప్పేది పూజారి, అంటే తీర్పు కొంత ఆయన చేతిలోనే! రెండో విలియం కాలంలో రాజుగారి అడవి జింకలను చంపారన్న కేసులో యాభై మంది ఈ పరీక్షలో నెగ్గేసరికి, రాజుకు ఒళ్లు మండిపోయిందట.

కర్రలతో తలపడే ద్వంద్వయుద్ధంలో పూజారి తీర్పు లేదు, కండబలమే. చుక్కలు పొడిచేదాకా నిలబడితే నిందితుడు గెలిచినట్టే. ముసలివాళ్లకు, ఆడవాళ్లకు మినహాయింపులుండేవి.

నన్నడిగితే బక్కపలచటివాడికి ఇనుమే నయం. 1215లో చర్చి పూజారులను తప్పుకోమనడంతో అగ్నిపరీక్ష ఆగిపోయింది. ద్వంద్వయుద్ధం మాత్రం, వాడకం ఎప్పుడో పోయినా, 1819 దాకా చట్టంలోనే ఉంది. అంతకు రెండేళ్ల ముందే, 1817లో, ఒక హత్యకేసు నిందితుడు కోర్టులో చేతి తొడుగు విసిరి యుద్ధానికి పిలిచాడు. ఎదుటివాడు ముందుకు రాలేదు, ఇతను బయటపడ్డాడు.