బండికి ఎల్‌ఈడీ: ముందుకా, వెనక్కా? ఏది మేలు?

పర్లాకిమిడి నుంచి ఆర్.ఉదయగిరి వైపు, లేదా సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కి కొరాపుట్ వైపు రాత్రిపూట బండి మీద పోయేవాళ్లు మెకానిక్‌ని తరచూ అడిగే మాట ఒకటుంది: పాత బల్బు పీకేసి ఎల్‌ఈడీ వేస్తే ఎలా ఉంటుంది? దీనికి బండి ముందు భాగానికి ఒక జవాబు, వెనక భాగానికి ఇంకో జవాబు. టెయిల్ లైటుకీ ఇండికేటర్లకీ ఎల్‌ఈడీయే మేలు. హెడ్‌లైటు దగ్గర మాత్రం అందరూ ముందుగా కొనే ఎల్‌ఈడీ బల్బు నిజానికి ఆఖర్న ఆలోచించాల్సిన వస్తువు.

హెడ్‌లైటుకి దారులు మూడు: ఉన్న హాలోజెన్‌నే (పాత ఫిలమెంటు బల్బునే) బాగు చేసుకోవడం, అదే డూమ్‌లో (బల్బు చుట్టూ అద్దం పూత ఉన్న హెడ్‌లైటు గిన్నెలో) ఎల్‌ఈడీ బల్బు దూర్చడం, డూమ్ మొత్తాన్ని ఎల్‌ఈడీ డూమ్‌తో మార్చడం.

వెలుగు చాలట్లేదని వచ్చే బండ్లలో చాలావాటికి తప్పు బల్బుది కాదు, వైరింగుది. హోల్డరు దగ్గర వోల్టేజీ 10 శాతం తగ్గితే హాలోజెన్ వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. కంపెనీ లెక్క ప్రకారం హెచ్‌ఎస్‌1 రకం 35/35 వాట్ల బల్బు బ్రైట్‌లో సుమారు 825 లూమెన్ల వెలుగు, డిమ్‌లో 525 ఇస్తుంది, అదీ 13.2 వోల్టులు అందితేనే. డిప్పర్ స్విచ్ లోపల మసి, కప్లర్లలో పచ్చటి చిలుము, హెడ్‌లైటు వెనక తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఒక వోల్టు ఇట్టే తినేస్తుంది.

హెడ్‌లైటు బ్యాటరీ మీద నడిచే డీసీ బండిలో ఇది తేల్చడం తేలిక. ఇంజను నడుస్తూ లైటు వెలుగుతుండగా మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్‌కి, రెండోది హోల్డరు వెనకనుంచి బల్బు లైవ్ పిన్నుకి తాకించాలి. అర వోల్టు దాటి చూపిస్తే అంత దారిలోనే పోతోందన్నమాట. ఎర్త్ వైపు కూడా ఇలాగే చూడాలి. కాంటాక్టులు తోమి, చాలకపోతే డిమ్‌కొకటి బ్రైట్‌కొకటి నాలుగు పిన్నుల రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్‌లు) రెండు పెట్టండి: బ్యాటరీ ప్లస్ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా 30 నంబరు పిన్నుకి, 87 నుంచి హోల్డరుకి, పాత లైటు వైరు 86కి, 85 ఎర్త్‌కి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. హెడ్‌లైటు దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు అది ఉండీ లేనట్టే. కొత్త బల్బు గాజుకి వేలు తగలనివ్వొద్దు. చేతి జిడ్డు ఉన్నచోట వేడి ఎక్కువై గాజు త్వరగా పోతుంది. వెలుగు కోసం 100/90 వాట్ల బల్బు వేస్తే మాత్రం హోల్డరు కరుగుతుంది, డూమ్ లోపలి వెండి పూత మాడుతుంది. తర్వాత ఏ బల్బు వేసినా వెలుగు రాదు.

ఇక ఎల్‌ఈడీ బల్బు. కొనేముందు మీ బండి హెడ్‌లైటు ఏసీయా డీసీయా తేల్చుకోవాలి. పాత కమ్యూటర్ బండ్లు చాలావాటిలో హెడ్‌లైటు బ్యాటరీ మీద కాదు, నేరుగా మ్యాగ్నెట్ కాయిల్ మీద నడుస్తుంది. ఇంజను ఆపి కీ, లైటు స్విచ్ ఆన్ చేస్తే హారన్ మోగుతుంది కానీ హెడ్‌లైటు వెలగదు, స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ వెలుగు పెరుగుతుంది అంటే అది ఏసీ. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి లైటు స్విచ్ ఉండదు, లైటు ఇంజనుతోనే వెలుగుతుంది కాబట్టి వాటిలో రెండో గుర్తునే నమ్మాలి. ఏసీ లైనులో మామూలు ఎల్‌ఈడీ బల్బు వేస్తే స్లోలో (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజను నడుస్తున్నప్పుడు) మిణుకు మిణుకుమంటుంది, కొన్నాళ్లకి బల్బు లోపలి డ్రైవరు సర్క్యూటు కాలిపోతుంది. ‘ఏసీ/డీసీ’ అని రాసి ఉన్నది కాస్త నయం. లైనుని డీసీకి మారిస్తే ఆ భారం మొత్తం బ్యాటరీ మీద పడుతుంది. ఇలాంటి బండ్లలో ఉండేది 2.5, 3 ఏహెచ్ (ఆంపియర్-అవర్) చిన్న బ్యాటరీ, దానికి వచ్చే చార్జింగూ అంతంతమాత్రమే. సంత రోజు గుణుపూర్ బజారులో స్లోలో నిలబడి లైటు, బ్రేకు, ఇండికేటర్ అన్నీ వాడితే రాబడికంటే ఖర్చెక్కువ.

పెట్టె మీద వాట్లు చూసి మోసపోవద్దు. మీటరుని 10 ఆంపియర్ల రేంజిలో లైనుకి వరసగా పెట్టి చూడండి. ‘80 వాట్స్’ అని అచ్చు వేసినది ఒకటిన్నర ఆంపియరు లాగితే అది 20 వాట్ల సరుకు.

అసలు చిక్కు వాట్లతో కాదు, డూమ్‌తో. హాలోజెన్ డూమ్ లోపలి అద్దం వంపుని సన్నటి ఫిలమెంటు ఎక్కడుంటుందో లెక్కగట్టి చేస్తారు. ఎల్‌ఈడీ చిప్పు అక్కణ్ణించి రెండు మిల్లీమీటర్లు జరిగినా కాంతి రోడ్డు మీద కుదురుగా పడకుండా చెట్ల మీదికీ ఎదుటివాడి కళ్లలోకీ పోతుంది. బండి ముందు పది గజాలు తెల్లగా మెరుస్తుంటే వెలుగు బాగా పెరిగిందనిపిస్తుంది కానీ యాభై మీటర్ల అవతల గొయ్యి కనపడదు. అందుకే మూడు నాలుగు వైపులా చిప్పులున్న ‘మొక్కజొన్న కంకి’ బల్బులు ఎంత చౌకైనా వద్దు. పలుచటి పలకకి రెండు వైపులే చిప్పులుండి, ఫిలమెంటు ఉండే చోటే చిప్పు ఉండేది ఎంచుకోవాలి. కాలర్ (బల్బు బిగించే రింగు) తిప్పి చిప్పులు కుడి ఎడమలకు చూసేలా బిగించాలి. పైకీ కిందికీ చూస్తే ఎంత మంచి బల్బైనా వృథా.

బిగించాక గోడ మీద చూడటం తప్పనిసరి. టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, బండి మీద మనిషి కూర్చుని, గోడకు 10 మీటర్ల దూరంలో నిలపాలి. నేలనుంచి హెడ్‌లైటు మధ్యభాగం ఎంత ఎత్తుందో గోడ మీద అంతే ఎత్తున సుద్దతో అడ్డగీత గీయాలి. డిమ్ వెలుగు పై అంచు ఆ గీతకి సుమారు 10 సెంటీమీటర్లు కిందుండాలి. ముందు హాలోజెన్‌తో చూసి అంచు గుర్తు పెట్టుకుని, ఆ తర్వాత ఎల్‌ఈడీతో చూడండి. అంచు చెదిరి మబ్బులా పరుచుకుంటే ఆ బల్బు మీ డూమ్‌కి పనికిరాదు, వాపసు ఇచ్చేయండి. డూమ్‌ని కిందికి వంచి సర్దుకుంటే దూరం వెలుగు కూడా పోతుంది.

డిసెంబరు, జనవరిలో పొట్టంగి, సెమిలిగుడ వైపు పొగమంచులో 6500 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె పెరిగితే తెలుపు పెరుగుతుంది) తెల్ల ఎల్‌ఈడీ ఎదురుగా తెరలా నిలుస్తుంది. పసుపు రంగు మంచుని చీల్చుకుపోతుందనే మాటలో అతిశయం ఉంది. మంచు బిందువులు అన్ని రంగుల్నీ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. కళ్లకి హాయి తేడా మాత్రం నిజమే. 4300 కెల్విన్ దగ్గరిది తీసుకోండి, మంచులో డిమ్ దాటకండి. ఇంకో సంగతి కూడా ఉంది. వర్షాకాలంలో డూమ్‌లో చేరిన చెమ్మని హాలోజెన్ వేడి ఆరబెట్టేస్తుంది. ఎల్‌ఈడీ వేడి వెనక్కి పోతుంది కాబట్టి అద్దం లోపల ఆవిరి అలాగే నిలిచిపోతుంది. దానికి తోడు ఎల్‌ఈడీ బల్బు వెనకుండే ఫ్యాను అడ్డమొస్తోందని డూమ్ వెనక రబ్బరు బూటు (తొడుగు) తీసి పారేస్తే బురదనీళ్లకి దారి దొరికినట్టే.

గుండ్రటి 7 అంగుళాల డూమ్ ఉన్న బుల్లెట్ లాంటి బండ్లకు మూడో దారి ఉంది. ఎల్‌ఈడీ కోసమే అద్దం, లెన్సు చేసిన పూర్తి డూమ్ వస్తుంది. ఖరీదు ఎక్కువే అయినా రెండో దారిలో పెట్టే డబ్బు ఇక్కడ పెడితేనే ఫలితం. కొనేముందు గోడ మీద డిమ్ వేసి చూడండి. వెలుగు అంచు ఒక పక్కకి పైకి లేస్తే అది ఎడమ పక్క కావాలి. కుడి పక్కకి లేచేవి రోడ్డుకి కుడివైపు నడిచే దేశాలకి చేసినవి, ఎదురొచ్చేవాడి కళ్లలో కొడతాయి. మనకి కావాల్సింది ఎడమ అంచున సంత నుంచి నెత్తిన బరువుతో నడిచిపోయే మనుషుల మీద వెలుగు.

చట్టం సంగతి: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ(4) ప్రకారం అనుమతి లేని మార్పుకి బండి యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఒడిశా నంబరైనా ఆంధ్ర నంబరైనా చట్టం ఒకటే.

వెనక భాగంలో లాభం స్పష్టం. ఫిలమెంటు వేడెక్కి వెలగడానికి పట్టే ఆ కాస్త సమయం ఎల్‌ఈడీకి అక్కర్లేదు, గతుకులకి తీగ తెగే బెడదా లేదు. ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్‌ఈడీ, పసుపు అద్దానికి పసుపు ఎల్‌ఈడీ వేయాలి. తెల్లది వేస్తే ఎర్ర అద్దం వెనక గులాబీ రంగులో వెలవెలబోతుంది.

ఇండికేటర్లు మార్చాక టకటకమని వేగంగా కొట్టుకున్నా, అసలు కొట్టుకోకపోయినా ఇండికేటర్లని ఆర్పి వెలిగించే ఫ్లాషరే కారణం. అది 10 వాట్ల బల్బుల కరెంటుకి అలవాటు పడింది. దానికి రెసిస్టర్ పెట్టడం తప్పుడు వైద్యం. బజారులో దొరికే 6 ఓంల రెసిస్టర్ కారు బల్బుకి చేసింది, బండిలో అది 28 వాట్ల దాకా లాగి ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. ఎలక్ట్రానిక్ ఎల్‌ఈడీ ఫ్లాషర్ వేసుకోండి. బి పిన్ను బ్యాటరీ వైపు, ఎల్ పిన్ను స్విచ్ వైపు, తారుమారైతే పనిచేయదు.

మీటరులో రెండు పక్కలకీ ఒకే బాణం బల్బు ఉన్న బండ్లలో ఎల్‌ఈడీలు వేశాక ఎడమ నొక్కితే నాలుగు ఇండికేటర్లూ వెలుగుతాయి. ఆ బాణం బల్బు ఎడమ వైరుకీ కుడి వైరుకీ మధ్య కట్టి ఉంటుంది. దానిగుండా అవతలికి జారే కాస్త కరెంటు పాత బల్బుని వెలిగించలేదు, ఎల్‌ఈడీకి అదే చాలు. రెండు 1ఎన్‌4007 డయోడ్లు (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేవి) తీసుకుని, ఒకటి ఎడమ వైరుకి, ఒకటి కుడి వైరుకి కలిపి, వెండి గీత ఉన్న కొనలు రెండూ ముడేసి బాణం బల్బు ఒక కాలికి, రెండో కాలు ఎర్త్‌కి ఇవ్వాలి.

నంబరు ప్లేటుని మర్చిపోవద్దు. టెయిల్ బల్బు వెలుగే అడుగున ఉన్న చిన్న తెల్ల అద్దంలోంచి దాని మీద పడుతుంది. ఎర్ర ఎల్‌ఈడీ వేస్తే ప్లేటు ఎర్రబడుతుంది, పక్కలకి చిప్పులు లేనిది వేస్తే చీకటైపోతుంది. కిందివైపు తెల్ల చిప్పులు, మిగతా వైపు ఎర్ర చిప్పులు ఉన్న బల్బు దొరుకుతుంది. దొరక్కపోతే ప్లేటుకి విడిగా ఒక చిన్న తెల్ల లైటు వేయించండి.