జేమ్స్‌టౌన్ వెళ్తే అసలు చోటు ముందు చూడండి

మా నాన్నది బందరు. మూడు నెలలకని అమెరికా వచ్చి, తనంతట తాను అడిగిన చోటు ఒక్కటే, వర్జీనియాలోని జేమ్స్‌టౌన్. "1607లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ దిగారు. నాలుగేళ్ళకే, 1611లో, గ్లోబ్ అనే ఓడలో మన బందరొచ్చారు. ఆ ఊరు చూడాలమ్మా" అన్నారు. న్యూజెర్సీ నుంచి ఏడు గంటల డ్రైవ్. దారిలో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందంతా విలియమ్స్‌బర్గ్‌లో దిగిన లాడ్జిలోనే. ఆన్‌లైన్‌లో గదికి రాత్రికి 94 డాలర్లని చూపించి, తీరా వెళ్ళాక ఫెసిలిటీ ఫీజు అని మరో 24 వేశారు. రెండు గదులు, రెండు రాత్రులు, మొత్తం 96 డాలర్లు అదనం. దేనికయ్యా అంటే స్విమ్మింగ్ పూల్‌కట. దానికేమో తాళం. కార్పెట్ ముక్కిపోయిన వాసనకి అమ్మ రాత్రంతా దగ్గుతూనే ఉంది. ఇవన్నీ ఓర్చుకున్నా కానీ, జేమ్స్‌టౌన్ పేరుతో రెండు చోట్లు కనిపిస్తున్నాయి, ఏది చూడాలని అడిగితే కౌంటర్లో మనిషి తల కూడా ఎత్తకుండా "రెండూ ఒకటే" అన్నాడు చూడండి, దానికి మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. ఆ మాట నమ్మి ఒక రోజు పోగొట్టుకున్నాం.

మేం వెళ్ళింది జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్. అది మ్యూజియం. ఇంగ్లీషువాళ్ళు అప్పుడు వచ్చిన మూడు ఓడలకీ, కట్టుకున్న కోటకీ నమూనాలు కట్టి పెట్టారు. పిల్లలకి బాగా నచ్చింది. నాన్న కోట కంచె తట్టి చూసి "ఇది కొత్త కర్ర" అని మొహం ముడుచుకున్నారు. సాయంత్రం పక్కనే ఉన్న ఫెర్రీ ఎక్కాం. కారుతో సహా జేమ్స్ నది దాటిస్తారు, పూర్తిగా ఉచితం. అందులో పనిచేసే ఆయన చెయ్యి చాపి "అసలు కోట అదిగో, ఆ ఒడ్డున" అంటే అప్పుడు తెలిసింది. అది హిస్టారిక్ జేమ్స్‌టౌన్. టికెట్ వేరే.

మర్నాడు మాకు దొరికింది మూడు గంటలే. ఆ కోట నదిలో కలిసిపోయిందని చాలాకాలం అనుకున్నారట. 1994లో పురావస్తు శాస్త్రవేత్త విలియం కెల్సో తవ్వకాలు మొదలుపెట్టి బయటపెట్టారు. కంచె కర్రలు ఎప్పుడో పుచ్చిపోయాయి, మట్టిలో వాటి మరకలు మిగిలాయి. తవ్వకం ఇంకా సాగుతోంది. గుంటలో మోకాళ్ళ మీద కూర్చున్న ఒకమ్మాయి చిన్న తాపీ అంచుతో మట్టి పల్చగా గీకి, లేత రంగు మట్టిలో ముదురు మచ్చ ఎక్కడ మొదలైందో నాన్నకి చూపించింది. అరగంట ఆయన అక్కణ్ణించి కదల్లేదు.

లోపల మ్యూజియంలో ఒక పుర్రె ఉంది. 1609-10 చలికాలపు కరువులో కోటలో ఉన్న సుమారు 300 మందిలో 60 మందే బతికారు. ఆకలికి తట్టుకోలేక చనిపోయినవాళ్ళని తిన్నారు. ఆ పుర్రె 14 ఏళ్ళ పిల్లది, 2012లో దొరికింది. నుదుటి మీద నాలుగు కత్తి గాట్లు వరసగా కనిపిస్తాయి. అసలు పేరు తెలీక జేన్ అని పిలుస్తున్నారు. మా పెద్దదానికి పదమూడు. అమ్మ దాని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళిపోయింది, మధ్యాహ్నం భోజనం కూడా ముట్టలేదు.

చర్చి దగ్గర నాన్న చాలాసేపు మాట్లాడారు. 1619 జులైలో అక్కడే వలసవాళ్ళ మొదటి శాసనసభ జరిగింది. మరుసటి నెలలోనే అంగోలా నుంచి పట్టుకొచ్చిన ఆఫ్రికన్లని దగ్గర్లోని పాయింట్ కంఫర్ట్‌లో దింపారు. ఇక్కడేమో ఇంగ్లీషువాళ్ళు పొగాకు కోసం అక్కడి ఆదివాసులైన పౌహాటన్ల నేల ఆక్రమించుకుంటూ పోయారు. బందరులో మాత్రం అద్దకం బట్టలు కొనడానికి గోల్కొండ సుల్తాను అనుమతి కావాలి. 1632 ఫర్మానా ప్రకారం ఏటా 500 వరహాలు కట్టాలి. "గట్టి రాజు ఉన్నచోట చేతులు కట్టుకుని నిలబడ్డారు" అన్నారు నాన్న.

పెద్దవాళ్ళతో వెళ్తే పొద్దున్నే హిస్టారిక్ జేమ్స్‌టౌన్‌కే వెళ్ళండి, కనీసం ఐదు గంటలు పెట్టుకోండి. సెటిల్‌మెంట్ మర్నాడు చూడొచ్చు. లాడ్జి బుక్ చేసేముందు ఫోన్ చేసి ఫీజులన్నీ కలిపి ఎంతో అడగండి. రెండుసార్లు మెయిల్ పెడితే మాకు 48 డాలర్లు వెనక్కి వచ్చాయి. మిగతా 48 కోసం మళ్ళీ రాశాను.