ఫ్రాన్స్వాజ్ ఆర్డీ మొదటి ఆల్బమ్ (1962): ఏడుపు లేని దిగులు

ఫ్రెంచ్ గాయని ఫ్రాన్స్వాజ్ ఆర్డీ పాడిన ఈ రికార్డు కొని మూడు నెలలు దాటింది. వారంలో రెండు మూడు రాత్రులు, వంటిల్లు సర్దేసి, ఇంట్లో అందరూ పడుకున్నాక పెట్టుకుంటున్నాను. పన్నెండు పాటలు, రెండు వైపులా కలిపి అరగంట. ఇప్పటికీ మొహం మొత్తలేదు, పైగా మొదట్లో పెద్దగా పట్టించుకోని పాటలు ఇప్పుడు పగలు పని చేసుకుంటుంటే నోట్లో ఆడుతున్నాయి, నాకు ఫ్రెంచ్ ముక్క రాకపోయినా. ఇంత చిన్న రికార్డు ఇంతగా ఎందుకు పట్టుకుందో కాస్త వివరంగా రాద్దామనిపించింది.

ముందు పేరు సంగతి. స్పెల్లింగ్ చూసి చాలామంది హార్డీ అంటారు గానీ ఫ్రెంచ్ వాళ్లు హెచ్ పలకరు, ఆర్డీ అనే అంటారు. 1944 జనవరిలో పారిస్‌లో పుట్టింది, 2024 జూన్‌లో కన్నుమూసింది. ఈ ఆల్బమ్‌కి విడిగా పేరంటూ లేదు, అట్ట మీద ఉన్నది ఆమె పేరే. కానీ ఇందులో మొదటి పాట 'తూ లె గార్సో ఎ లె ఫీయ్' (అబ్బాయిలూ అమ్మాయిలూ అందరూ అని) ఎంత పెద్ద హిట్ అయిందంటే, ఆల్బమ్‌ని కూడా జనం ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

ఆ మొదటి పాట దగ్గరే కాసేపు ఆగాలి. విషయం చాలా చిన్నది. నా ఈడు వాళ్లందరూ జంటలు జంటలుగా, చేతిలో చెయ్యి వేసుకుని వీధుల్లో తిరుగుతున్నారు, నేను మాత్రం ఒక్కదాన్నే నడుస్తున్నాను, నన్ను ప్రేమించేవాళ్లు లేరు. అంతే. వెనక గిటార్, బేస్, డ్రమ్స్ తప్ప చెప్పుకోదగ్గ హంగేమీ లేదు. లయ మాత్రం గమనించండి. మన లెక్కలో తిశ్రం, మూడేసి దెబ్బలుగా నెమ్మదిగా ఊగుతూ పోతుంది. అప్పట్లో ఫ్రాన్స్‌లో కుర్రవాళ్ల పార్టీల్లో లైట్లు తగ్గించి జంటలు దగ్గరగా నిలబడి డ్యాన్స్ చేసింది సరిగ్గా ఇలాంటి లయకే. అంటే తోడు లేదని చెప్పే పాటని ఈ పిల్ల జంటలు ఆడుకునే తాళంలో కట్టింది. హాలు మధ్యలో అందరూ ఊగుతుంటే గోడకి ఆనుకుని నిలబడ్డ అమ్మాయి అదే పాటని తన మాటలతో లోపల పాడుకుంటున్నట్టు ఉంటుంది. ఇది నాకు పదిసార్లు విన్నాక గానీ తట్టలేదు, తట్టాక మాత్రం ఆ పాట వినడమే మారిపోయింది.

ఇక గొంతు. మన విషాద గీతాలు వింటూ పెరిగిన చెవికి కొన్ని అలవాట్లు ఉంటాయి కదా, వయొలిన్లు మూలగాలి, చరణం చివర గొంతు పూడుకుపోవాలి, ఒక్క చోటైనా స్వరం ఆకాశానికి ఎక్కి కిందికి జారాలి. ఇక్కడ అవేవీ ఉండవు. వణుకు లేదు, సాగతీత లేదు, మాట ఎక్కడ అయిపోతే గొంతూ అక్కడే ఆగిపోతుంది. పక్కన కూర్చుని ఉత్తరం చదివి వినిపిస్తున్నట్టు పాడుతుంది. మొదటిసారి విన్నప్పుడు, మెలాంకలీ అని ఇంతమంది అంటారు, ఇందులో దిగులు ఎక్కడుంది అనుకున్నాను. అది ఆ ఏడవకపోవడంలోనే ఉంది. ఏడిస్తే ఓదార్చొచ్చు. ఈ గొంతు ఓదార్పు అడగదు, జాలి అడగదు, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకుంటుంది, ఇక మనమే ఏమీ చెయ్యలేక వింటూ కూర్చుంటాం. శోకం వేరు, దిగులు వేరు అని మనవాళ్లు రెండు మాటలు పెట్టుకున్నారు చూడండి, ఈ ఆల్బమ్ మొత్తం ఆ రెండో మాట.

ఆమె చిన్నప్పటి సంగతులు తెలిస్తే ఇది నటన కాదని అర్థమవుతుంది. తండ్రికి వేరే సంసారం ఉంది, ఇంటికి రావడం తక్కువ. తల్లే ఉద్యోగం చేస్తూ ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. అమ్మమ్మ అయితే నువ్వు బాగుండవు అని చిన్నప్పటినుంచీ అంటూనే ఉండేదట. బడి చదువు ముగిసి బాకలోరియా అనే పరీక్ష పాసైనప్పుడు బహుమతిగా గిటార్ వచ్చింది, ఇక రేడియో లక్సెంబర్గ్‌లో ఇంగ్లిష్ పాటలు వింటూ, తెలిసిన నాలుగు గిటార్ కార్డ్స్‌తో గదిలో తనే పాటలు కట్టుకుంది. 1961 నవంబరులో వోగ్ అనే రికార్డుల కంపెనీ ఒప్పందం చేసుకునేనాటికి పదిహేడేళ్లు.

ఆ తర్వాతి ఏడాది, 1962 అక్టోబరు 28న, ఫ్రాన్స్‌లో రెఫరెండమ్ జరిగింది, అధ్యక్షుణ్ని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలా వద్దా అని. రాత్రి ఫలితాల కోసం దేశమంతా టీవీల ముందు కూర్చుని ఉంటే మధ్యలో ఖాళీ పూరించడానికి ఈ అమ్మాయి పాట వేశారు. రాజకీయాల కోసం కూర్చున్న జనం ఈ ఒంటరి పిల్ల పాట విన్నారు. అక్కణ్నుంచి రికార్డు అమ్మకాలు ఆగలేదు.

అప్పట్లో ఫ్రాన్స్‌లో కుర్రకారు పాప్ పాటల్ని యే-యే అనేవాళ్లు, ఆ గాయకుల్లో ఎక్కువమంది అమెరికా హిట్లకు ఫ్రెంచ్ మాటలు పెట్టి పాడేవాళ్లు. తప్పని కాదు, వాటిల్లో మంచి హుషారైన పాటలున్నాయి. కానీ ఈ రికార్డులో పన్నెండులో పది పాటలు ఆమె తనకు తానుగా రాసుకున్నవి. పద్దెనిమిదేళ్ల పిల్ల మనసులో ఏం తిరుగుతుందో యాభై ఏళ్ల పెద్దాయన ఊహించి రాసిన పాటలు కావు, అందుకే చిన్న చిన్న విషయాలు కూడా నిజంగా తగులుతాయి. రెండో పాట 'స ఆ రాతే' అంటే కుదరలేదు, బెడిసికొట్టింది అని, వెంటనే మూడోది 'ల ఫీయ్ అవెక్ త్వా', నీ పక్కనున్న ఆ అమ్మాయి. పేర్లు చదువుతూ పోతేనే కథ కనిపిస్తుంది. రెండో వైపున 'ష్వీ దకోర్' మాత్రం గంతులేసే పాట. సినిమాకి సరే, డ్యాన్స్‌కి సరే, నువ్వు దేనికి రమ్మన్నా సరే, మీ ఇంటికి మాత్రం రాను అంటుంది. 1962లో ఒక టీనేజ్ అమ్మాయి తన షరతు తను ఇంత తేలిగ్గా, ఇంత ఖచ్చితంగా చెప్పడం నాకు చాలా నచ్చింది.

ఆమె రాయని రెండింటిలో ఒకటి 'ల తా ద లమూర్', ప్రేమ కాలం. ఇది జాక్ దుత్రోంక్ కట్టిన ట్యూన్, తర్వాతి రోజుల్లో ఆమె జీవితంలోకి వచ్చిన మనిషి. ముందు మాటలు లేకుండా గిటార్లతో వాయించిన ట్యూన్ అది, ఆ తర్వాత మాటలు పెట్టారు. బేస్ గిటార్ అలా నల్లగా, పిల్లి నడకలా నడుస్తుంటే పైన ఈ చల్లటి గొంతు. 2012లో వచ్చిన 'మూన్‌రైజ్ కింగ్‌డమ్' సినిమాలో ఇద్దరు పిల్లలు ఒడ్డున డ్యాన్స్ చేసేది ఈ పాటకే, ఈ తరం వాళ్లు చాలామంది ఆమె దగ్గరికి ఆ దారినే వచ్చారు. ఆమె రాయని ఇంకో పాట 'ఓ ఓ షెరీ' నాకు ఎక్కలేదు. అమెరికా నుంచి తెచ్చిన ట్యూన్, కంపెనీకి హుషారు కావాలి కాబట్టి పాడినట్టే ఉంటుంది. దాన్ని దాటేసినా నష్టం లేదు.

లోపాలు కూడా చెప్పాలి. రికార్డింగ్ పల్చగా ఉంటుంది. డ్రమ్స్ చాలా చోట్ల అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తాయి, వాద్యకారులు పని ముగించుకుని ఇంటికి పోదామన్న తొందరలో ఉన్నారేమో అనిపించే చోట్లున్నాయి. వరసగా వింటే నాలుగైదు పాటలు ఒకే పోత పోసినట్టే ఉంటాయి. ఈ తొలి రికార్డింగుల మీద ఆర్డీకే మంచి అభిప్రాయం ఉండేది కాదు, కొన్నాళ్లకు లండన్ వెళ్లి ఛార్లెస్ బ్లాక్‌వెల్ లాంటి వాళ్లతో పెద్ద ఆర్కెస్ట్రా పెట్టుకుని చేసిన పాటలే ఆమెకు ఇష్టంగా ఉండేవి. ఆ లండన్ పాటలు నేనూ విన్నాను, నిజంగానే గొప్పగా ఉంటాయి. అయినా ఈ ఒక్క విషయంలో ఆమెతో ఏకీభవించలేను. ఇక్కడ వెనక సరుకు తక్కువ కావడం వల్లే గొంతు చుట్టూ అంత ఖాళీ మిగిలింది, సామాన్లు లేని గదిలో మాట్లాడితే చిన్న మాట కూడా వినిపించినట్టు. 'ఇల్ ఎ పార్తీ అన్ జూర్' (ఒకరోజు వెళ్లిపోయాడు) వినేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. అక్కడ పెద్ద వయొలిన్ల గుంపు వచ్చి ఉంటే ఆ పిల్ల మునిగిపోయేది.

ఇంకో చిన్న సంగతి, తెలిశాక నాకు ముద్దొచ్చింది. చివరి పాట పేరు 'సె తా లమూర్ ఓకెల్ జ పాన్స్', నేను ఆలోచించేది ప్రేమ గురించే అని. ఫ్రెంచ్ వ్యాకరణం ప్రకారం ఇది తప్పట, 'గురించి' అనే విభక్తి రెండుసార్లు పడింది. ఎవరూ దిద్దలేదు, అలాగే అచ్చయి అరవై ఏళ్లుగా అట్ట మీద ఉంది. ఆ తప్పు అలా ఉండిపోయినందుకు నాకు సంతోషంగా ఉంది.

కొనాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ముందు స్ట్రీమింగ్‌లో వినండి, అన్ని చోట్లా దొరుకుతుంది. కానీ హిట్ పాటల కలెక్షన్ కాకుండా ఈ పన్నెండు పాటల వరసే వెతుక్కోండి. నచ్చితే అప్పుడు రికార్డు. నేను మొదట తెప్పించుకున్నది వంగిపోయి వచ్చింది, ప్రతి చుట్టుకీ సూది పైకి లేచి దిగేది, ఫొటోలూ వీడియోలూ పంపి మార్పించుకోవడానికి మూడు వారాలు పట్టింది. కాబట్టి రాగానే బల్లపరుపుగా ఉన్న చోట పెట్టి చూసుకోండి, పెట్టె పారేయకండి. హెడ్‌ఫోన్స్ కంటే గదిలో చిన్న స్పీకర్‌తో, వాల్యూమ్ తగ్గించి వింటేనే ఇది బాగుంటుంది. అరగంట పాటలకు ఆ ధర ఎక్కువే, నాకు మాత్రం ఒక్క రూపాయి కూడా బాధ లేదు.

ఫ్రెంచ్ వచ్చిన స్నేహితురాలొకావిడ ఒకసారి ఇంటికొచ్చి మొదటి పాటని లైను లైనుకీ ఆపి అర్థం చెప్పింది. చివరి చరణంలో మాట మారుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. నా ఈడు వాళ్లలాగే ప్రేమంటే ఏమిటో నాకూ త్వరలోనే తెలుస్తుంది, రేపంటే భయం లేని రోజు ఒకటి వస్తుంది, నాక్కూడా ఒకరు ఉండే రోజు, అది ఎప్పుడో అని ఎదురుచూస్తుంది. ఇంత ఆశ పలికేటప్పుడు కూడా ఆ పిల్ల గొంతు పెంచదు. ఒంటరిగా నడుస్తున్నానని చెప్పినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది, అదే తిశ్రం, అదే నడక. చాలా రాత్రులు అక్కడ సూది ఎత్తి మళ్లీ మొదటికి పెడుతున్నాను, రెండో పాటకి వెళ్లబుద్ధి కాదు.