జబ్బ టేపా, ఎత్తు–బరువా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఊళ్లలో 6 నుంచి 59 నెలల పిల్లల పోషణ మీద ప్రాజెక్టు పెట్టుకున్న న్యూట్రిషన్ విద్యార్థులు ముందు తేల్చుకోవాల్సింది ఇది: జబ్బ చుట్టుకొలత టేపుతో చూడాలా, ఎత్తు, బరువు కొలిచి ఎత్తుకు తగ్గ బరువుందా అని చూడాలా.

ఖర్చు, మోత: టేపు జేబులో పడుతుంది. రెండోదానికి తూకం మిషను, ఎత్తు బోర్డు, కొలవడానికి ఇద్దరు మనుషులు. కొండమీది సవర గూడేలకు బోర్డు మోయడం మామూలు పని కాదు.

కొలిచే తీరు: టేపు ఎడమ జబ్బకే. మోచెయ్యి మడిచి, భుజం ఎముక కొన నుంచి మోచేతి కొనదాకా కొలిచి, సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టండి. చెయ్యి కిందికి వదిలేశాకే చుట్టాలి. 115 మి.మీ. లోపైతే తీవ్ర పోషణ లోపం, 115 నుంచి 125 లోపైతే మధ్యస్థం. చర్మం ముడతపడేలా బిగిస్తే 117 కాస్తా 114 అవుతుంది, బిడ్డ వర్గమే మారిపోతుంది.

ఎత్తు–బరువులో రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి, ఆపై వాళ్లను నిలబెట్టి కొలవాలి. నిలబడాల్సిన బిడ్డను పడుకోబెట్టి కొలిస్తే 0.7 సెం.మీ. తీసెయ్యాలి. కడియాలు, మందపాటి బట్టలు తీయించండి.

ఏది వాడినా రెండు పాదాలూ 3 సెకన్లు నొక్కి చూడండి. రెండింటా గుంట నిలిస్తే నీరు పట్టినట్టే. అంకె బాగున్నా అది తీవ్ర లోపమే, ఆ రోజే ఆసుపత్రికి పంపాలి.

రెండు పద్ధతులూ ఒకే పిల్లల్ని పట్టుకోవు. అందుకని సగం ఊళ్లలో ఒకటి, సగంలో మరొకటి వాడి శాతాలు పోల్చడం తప్పు.

ఒక్కరే, తక్కువ రోజుల్లో, వెంటనే సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించాలంటే టేపు. ఎండిపోవడంతో (ఎత్తుకు తగ్గ బరువు లేకపోవడం) పాటు గిడసబారడం (వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం) కూడా లెక్కించాలంటే ఎత్తు–బరువు, దానికి తోడు నెలల్లో కచ్చితమైన వయసు.