పళ్ళకి క్లిప్పులా, అలైనర్సా? మా ఇంట్లో రెండూ నడిచాయి

నాది క్లియర్ అలైనర్స్, అంటే పళ్ళకి తొడుక్కుని తీసుకునే ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్ తొడుగులు. మా తమ్ముడిది మెటల్ క్లిప్పులు, అంటే పళ్ళకి అతికించే చిన్న బ్రాకెట్లూ, వాటి మీదుగా వెళ్ళే వైరూ. ఇద్దరికీ భీమవరంలో ఒకే ఆర్థోడాంటిస్ట్ (పళ్ళ వరస సరిచేసే డాక్టర్) గారు చేశారు కాబట్టి డాక్టర్ తేడా అనడానికి లేదు. ఏవి కనపడతాయి, ఏవి కనపడవు అనే అందరూ అడుగుతారు గానీ, మన గోదారి జిల్లాల వాళ్ళకి అసలు తేడా తెలిసేది తిండి దగ్గరండి.

ముందు కేసులు చెప్తా. నాకు కింద ముందు పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, అంతే. వాడికి ఎత్తుపళ్ళు, పైన కోరపన్ను బయటకి పొడుచుకొచ్చింది, లోపల చోటు లేక పైన రెండు, కింద రెండు పళ్ళు తీయించాల్సొచ్చింది. వాడూ అలైనర్సే కావాలని గొడవ చేశాడు గానీ డాక్టర్ గారు ఒప్పుకోలేదు. తీసిన పన్ను ఖాళీలోకి పక్క పన్నుని వేరుతో సహా నిటారుగా జరపాలన్నా, తిరిగిపోయిన కోరపన్నుని తిప్పాలన్నా బ్రాకెట్‌కీ వైరుకీ ఉండే పట్టు ప్లాస్టిక్‌కి ఉండదంట. అలైనర్స్‌తో అసలు అవ్వదని కాదు, కానీ మధ్యలో పళ్ళు ప్లాన్ ప్రకారం రాకపోతే మళ్ళీ స్కాన్ తీసి కొత్త సెట్లు చేయించాలి, దాన్ని రిఫైన్‌మెంట్ అంటారు, అలా సాగుతా ఉంటది.

రెండూ చేసే పని మాత్రం ఒకటే. పన్ను మీద అదేపనిగా చిన్న ఒత్తిడి ఉంచితే ఒత్తిడి పడ్డ వైపు ఎముక కరుగుద్ది, రెండో వైపు కొత్త ఎముక పడుద్ది, అలా పన్ను జరుగుద్ది. ఒక్కో అలైనర్ జరిపేది పావు మిల్లీమీటరు, అందుకే వారం పది రోజులకో జత మారుస్తా పోవాలి. ఆ ఒత్తిడి ఆగితే పనీ ఆగిపోద్ది, కాబట్టి రోజుకి 22 గంటలు పెట్టుకునే ఉండాలంటారు.

22 గంటలంటే వినడానికి బానే ఉంటది. మిగిలిన రెండు గంటల్లోనే టిఫిన్, భోజనం, టీ, రాత్రి భోజనం, ప్రతిసారీ బ్రష్షూ అన్నీ అయిపోవాలి. మంచినీళ్ళు తప్ప ఏం తాగినా తీసేయాల్సిందే, వేడి టీకి ప్లాస్టిక్ వంగిపోద్ది, కూరల్లో పసుపుకి రంగు మారిపోద్ది. ఇంక మా పెద్దమ్మ ఇంటికెళ్తే కుర్చీలో కూర్చోకముందే జంతికల పళ్ళెం వచ్చేస్తది, వద్దంటే "ఏవే, పట్నం దానివైపోయావా, ఒక్క పూతరేకన్నా నోట్లో వేసుకో" అంటది, పూతరేకు అయ్యాక కాఫీ, కాఫీ అయ్యాక ఇంకేదో. సంక్రాంతి మూడు రోజులూ అలైనర్స్ నోట్లో కన్నా డబ్బాలోనే ఎక్కువ ఉన్నాయి, పండగయ్యాక పెట్టుకుంటే పళ్ళన్నీ బిగదీసుకుపోయి ఒకటే నొప్పి. నాతో పాటే అలైనర్స్ మొదలెట్టిన మా ఆఫీసు అమ్మాయైతే పెళ్ళి భోజనంలో తీసి టిష్యూలో చుట్టి ఆకు పక్కన పెట్టింది, సర్వ్ చేసే కుర్రాడు ఆకుతో పాటు ఎత్తుకుపోయాడు, పట్టుచీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని ఎంగిలాకుల డ్రమ్ములో వెతుక్కుంది పాపం. డబ్బా లేకుండా గుమ్మం దాటకండి.

"అస్సలు కనపడవు" అన్న మాట కూడా పూర్తిగా నమ్మకండి. అలైనర్ జారకుండా పళ్ళ మీద బియ్యపు గింజంత గుబ్బలు అతికిస్తారు, అటాచ్‌మెంట్లు అంటారు, పంటి రంగులోనే ఉంటాయి గానీ దగ్గరికొస్తే తెలిసిపోద్ది. తీసేటప్పుడు వెనక దవడ పన్ను దగ్గర లోపలి వైపు నుంచి గోరు పెట్టి ఊడదీయాలి, మొదట్లో నా గోళ్ళు రెండు విరిగాయి. మొదటి రోజుల్లో స, శ పలకడం కూడా తేడాగా వచ్చింది, కౌంటర్లో కస్టమర్లు రెండోసారి అడిగేవాళ్ళు.

క్లిప్పుల విషయానికొస్తే, వాటిలో గొప్ప ఏంటంటే మా తమ్ముడి లాంటి బద్ధకస్తుడి నోట్లో కూడా పని చేసుకుపోతాయి, తీయడానికి కుదరదు కదా. కానీ చెరకు గడ, పచ్చి కొబ్బరి, చేగోడీ, మొక్కజొన్న పొత్తు అన్నీ బంద్. చేగోడీ కొరికి బ్రాకెట్ ఊడగొట్టుకున్నాడు, పాలకొల్లు నుంచి మళ్ళీ బస్సెక్కి వెళ్ళి అతికించుకున్నాడు, ట్రీట్‌మెంట్ అంత వెనక్కి. అన్నిటికన్నా కష్టం చేపలు. ముల్లు నాలుకతో తీసి పక్కకి తోసే అలవాటున్నోడికి ఆ ముల్లు వెళ్ళి వైరు వెనకాల ఇరుక్కునేది, అమ్మ ఫోన్ టార్చి వేసి పిన్నీసు కాదు పుల్ల కాదని చివరికి సన్న బ్రష్షుతో తీసేది. పులస తెచ్చిన రోజైతే వాడికి ముళ్ళు ఏరి ముద్దలు పెట్టారు, ఇంటర్ చదివే మగధీరుడికి! బుగ్గ లోపల వైరు గుచ్చుకుంటే దాని మీద మైనం పెట్టుకోవాలి. బ్రషింగ్ సరిగా చేయకపోతే క్లిప్పులు తీశాక వాటి చుట్టూ తెల్ల మచ్చలు కనపడతాయి. మెటల్ బదులు పంటి రంగు సిరామిక్ క్లిప్పులు తీసుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, బ్రాకెట్ రంగు మారదు గానీ దాని మీది ట్రాన్స్‌పరెంట్ రబ్బరు రింగు చేపల పులుసుకి పసుపు తిరిగిపోద్ది.

డబ్బులు: మాకు మెటల్ 40 వేల లోపు అయ్యింది, నాది లక్ష దాటింది, అదీ ఇండియన్ బ్రాండే. ఇన్విజలైన్ అనే అలైనర్ బ్రాండ్ అయితే ఇంకా ఎక్కువ చెప్పారు. అది 1997లో అమెరికాలో మొదలైన అలైన్ టెక్నాలజీ కంపెనీది, 2017లో దాని పాత పేటెంట్లు చాలా అయిపోయాకే మిగతా బ్రాండ్లు ఇన్ని దిగాయి. మెటల్ కూడా బరువే అనుకుంటే భీమవరంలోనే విష్ణు డెంటల్ కాలేజీ ఉంది, కాలేజీల్లో ప్రొఫెసర్ల కింద పీజీ వాళ్ళు చేస్తారు కాబట్టి మామూలుగా ఫీజు తక్కువే ఉంటది, కాకపోతే కూర్చునే ఓపిక ఉండాలి. ఇంటికొచ్చి స్కాన్ చేసే కంపెనీ ఒకటి నాకు ఎక్స్‌రే కూడా అడక్కుండా ఫోన్‌లో పళ్ళు సరయ్యాక నా నవ్వు మొహం ఇలా ఉంటదని చూపించి అడ్వాన్స్ కట్టమంది, దండం పెట్టి పంపించేశా. ఎముకా చిగుళ్ళూ చూడకుండా పన్ను ఎలా జరుపుతారండి? ఎండీఎస్ ఆర్థో, అంటే పళ్ళ వరస సరిచేయడంలోనే పీజీ చేసిన వాళ్ళు చూడాల్సిందే.

నా మార్కులు: పిల్లలకీ, పళ్ళు తీయాల్సిన కేసులకీ, నెలనెలా వెళ్ళగలిగే వాళ్ళకీ క్లిప్పులే. చిన్న వంకరలున్న ఉద్యోగస్తులకి, ఒకేసారి నాలుగైదు జతలు ఇచ్చి పంపేస్తారు కాబట్టి, అలైనర్స్ హాయి, పెద్దమ్మలకి వద్దని చెప్పే దమ్ము ఉంటేనే. ఏది చేయించుకున్నా అయ్యాక పళ్ళని కొత్త చోటే పట్టి ఉంచే రిటైనర్ తప్పదు, వదిలేస్తే పళ్ళు మళ్ళీ పాత చోటుకి బయల్దేరతాయి. ప్యాకేజీలో అది కలిపారో లేదో ముందే అడిగి రాయించుకోండి, వాడిది కలిపారు, నాకు మాత్రం విడిగా బిల్లేశారు.