జిప్సీకి వెబర్ కార్బ్ వేయించి నాలుగేళ్లు: నా అనుభవం

నా బండి 1998 మోడల్ మారుతి జిప్సీ కింగ్. 1298 సీసీ, ఎనిమిది వాల్వుల ఇంజిన్, కొత్తలో 60 హార్స్‌పవర్. 2000లో ఎంపీఎఫ్‌ఐ (కంప్యూటర్ కొలిచి పెట్రోల్ చిమ్మే పద్ధతి) వచ్చాక ఆ అంకె 80కి పెరిగింది. నాది అంతకు ముందుది, కార్బ్ బండి. కార్బ్ అంటే కార్బురేటర్, గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపేది. 2021 దసరాకి కాస్త ముందు దీనికి వెబర్ కంపెనీ 32/36 డీజీవీ కార్బ్ వేయించాను. అప్పటి నుంచి 41 వేల కిలోమీటర్లు తిరిగాను. సగం విశాఖ ట్రాఫిక్‌లో, మిగతా సగం అరకు, పాడేరు, చింతపల్లి వైపు.

వేయించినందుకు ఈ రోజు సంతోషంగానే ఉన్నాను. కానీ మొదటి ఆరు నెలలు చాలా టెన్షన్ పడ్డాను. డబ్బు కట్టేముందు ఆ ఆరు నెలల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఇది రాయడానికి కారణం అదే.

పాత కార్బ్‌తో వచ్చిన సమస్య ఐడ్లింగ్, అంటే పెడల్ తొక్కనప్పుడు ఇంజిన్ ఆగకుండా ఆడటం. ఎన్‌ఏడీ జంక్షన్‌లో సిగ్నల్ పడితే ఇంజిన్ ఆగిపోయేది. ఐడిల్ పెంచితే గేరు వేసేటప్పుడు బండి ఎగిరిపడేది. మూడుసార్లు కడిగించాను, రెండుసార్లు రిపేర్ కిట్ వేయించాను. నాలుగోసారి ఆటోనగర్‌లో మా మేస్త్రి గారు ఎయిర్ క్లీనర్ విప్పి, థ్రోటిల్ కడ్డీ (గొంతులో గాలిని ఆపే రెక్కను తిప్పేది) చివరను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందకీ ఆడించారు. టక్ టక్‌మని చప్పుడు వచ్చింది. "సూశారా బాబూ, కన్నం కోడిగుడ్డులాగ అయిపోయింది. ఇక్కడి నుంచి దొంగగాలి లాగేత్తంది. ఎన్నిసార్లు కడిగించినా ఇంతే" అన్నారు. ఆయన మాట నిజం. కడ్డీ ఆడితే ఆ సందులోంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది, ఐడ్లింగ్ ఎప్పటికీ నిలబడదు. మీ బండికి ఇదే ఇబ్బంది ఉంటే ముందు ఈ ఒక్క పరీక్ష చేయించండి. కడ్డీ గట్టిగా ఉంటే కార్బ్ మార్చాల్సిన పని లేకపోవచ్చు. తప్పు ఏ వ్యాక్యూమ్ పైపులోనో, ఇగ్నిషన్ పాయింట్లలోనో ఉంటుంది.

కడ్డీ కన్నాలకి బుష్‌లు (కొత్త తొడుగులు) వేసి పాతదాన్నే నిలబెడదామని మేస్త్రి గారు చెప్పారు. నేనే వెబర్ కావాలని పట్టుబట్టాను. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక నలుగురితో బండి రెండో గేరు వదిలేది కాదు, ఆ బాధ తీరాలనుకున్నాను. 32/36 అంటే గాలి పోయే రెండు గొంతుల కొలత, మిల్లీమీటర్లలో. నెమ్మదిగా నడిపినంతసేపూ 32 గొంతు ఒక్కటే పని చేస్తుంది. పెడల్ బాగా తొక్కితే 36 గొంతు కూడా లింకేజీతో (కడ్డీల జోడింపుతో) తెరుచుకుంటుంది. పెట్రోల్ కొలిచి వదిలే జెట్లు స్క్రూడ్రైవర్‌తో మార్చుకోవచ్చు, వాటి మీద ఉండే అంకె రంధ్రం సైజే. 140 అంటే 1.40 మిల్లీమీటర్లు. ఇటలీలోని బొలోన్యాలో పుట్టిన ఈ కంపెనీ కార్బ్‌లు ఇప్పుడు స్పెయిన్‌లో తయారవుతాయి. నకళ్లు చాలా ఉన్నాయి, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి. నేను అసలుదే కొన్నాను. అడాప్టర్ ప్లేటు, ఫిల్టర్, ప్రెషర్ రెగ్యులేటర్, పైపులు, చోక్ కేబుల్, కూలీ అన్నీ కలిపి దాదాపు 52 వేలైంది.

జిప్సీ మ్యానిఫోల్డ్ (కార్బ్ నుంచి ఇంజిన్‌కి దారి ఇచ్చే గొట్టాల భాగం) మీద వెబర్ నేరుగా కూర్చోదు, మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి. కార్బ్ మీద అంత ఖర్చు పెట్టి, ప్లేటు మాత్రం చవగ్గా దొరికిన చోట తెచ్చాను. పెద్ద పొరపాటు. బిగించిన ఐదో రోజున హనుమంతవాక దగ్గర ఒక లారీని దాటడానికి పెడల్ పూర్తిగా తొక్కాను. కాలు తీశాక కూడా ఇంజిన్ అరుస్తూనే ఉంది. క్లచ్ తొక్కి, తాళం తిప్పి ఆపి, బండిని పక్కకి లాగేసరికి చేతులు వణికాయి. ఫిల్టర్ విప్పి గొంతులోకి టార్చ్ వేసి చూస్తే 36 వైపు రెక్క తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ప్లేటు కన్నం ఒక వెంట్రుకవాసి చిన్నది. రెక్క అంచు దానికి రాసుకుని, అల్యూమినియం మీద గోటితో గీకినట్టు వెండిరంగు గీత పడింది. మేస్త్రి గారు ప్లేటు ఊడదీసి అర్ధగుండ్రం ఆకురాయితో ఆ అంచు అరగదీశారు, రెండో రిటర్న్ స్ప్రింగ్ కూడా తగిలించారు. మీరు వేయించుకునేటప్పుడు కార్బ్‌ని ప్లేటు మీద పెట్టి, బల్ల మీదే రెండు రెక్కలూ పూర్తిగా తెరిచి మూసి చూడండి. ఆ తర్వాతే బండికి బిగించనివ్వండి. ఇందులో మొహమాటపడొద్దు.

ఇక ట్యూనింగ్. పెట్టెలోంచి తీసి బిగించగానే బండి పరుగెత్తుతుందని అనుకున్నాను. స్టార్ట్ అయింది, పరుగెత్తింది, తాగేసింది కూడా. పాత కార్బ్ అరిగిపోయి ఉన్నప్పుడు కూడా లీటరుకు ఎనిమిది వచ్చేది, ఇప్పుడు ఆరున్నర. ప్లగ్గులు విప్పితే నాలుగూ కాటుక పూసినట్టున్నాయి. వచ్చినప్పుడు రెండు వైపులా 140 జెట్లే ఉన్నాయి, చిన్న ఇంజిన్‌కి అది ఎక్కువ. రెండు నెలలు ఒక్కో జెట్టూ మార్చుకుంటూ వచ్చాం. చివరికి మొదటి గొంతుకి 130, రెండోదానికి 135, ఐడిల్ జెట్ 60 తీసి 55. ఒకసారి ఒక్కటే మార్చాలి. మార్చాక బీచ్ రోడ్‌లో భీమిలి దాకా వెళ్లొచ్చి ప్లగ్గులు చూడాలి. ఒకేసారి రెండు మారిస్తే ఏది ఏం చేసిందో తెలీదు. ప్లగ్గు పింగాణీ లేత బెల్లం రంగుకి వచ్చిన రోజున మేస్త్రి గారు దాన్ని చొక్కాకి తుడిచి నా చేతిలో పెట్టి "ఇప్పుడు కుదిరింది బాబూ" అన్నారు. ఆ ప్లగ్గు ఇప్పటికీ నా టూల్ పెట్టెలో ఉంది.

ఐడిల్ సెట్టింగు మీరే చేసుకోవచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక మిక్చర్ స్క్రూని (ఐడిల్‌లో పెట్రోల్ పాలు సరిచేసేది) మెల్లగా లోపలికి తిప్పాలి. ఇంజిన్ తడబడే చోటు తెలుస్తుంది. అక్కడి నుంచి సాఫీగా ఆడేదాకా మాత్రమే వెనక్కి తిప్పాలి. పూర్తిగా మూసిన చోటు నుంచి లెక్కేస్తే స్క్రూ రెండు చుట్ల దగ్గర నిలిస్తే జెట్ సరైనదే. రెండున్నర చుట్లు దాటినా ఇంకా అడుగుతుంటే జెట్ చిన్నది, ఒకటిన్నరలోపే తడబాటు పోతే పెద్దది.

ఘాట్‌లో తేడా స్పష్టంగా కనిపించింది. అనంతగిరి మలుపుల్లో మూడో గేరులో నలుగురితో, సామానుతో ఎక్కుతోంది. మలుపు మధ్యలో కాలు కాస్త నొక్కితే చాలు, గేరు మార్చక్కర్లేదు. టాప్ స్పీడ్ ఏమీ పెరగలేదు, దాని కోసం ఎవరూ ఖర్చు పెట్టొద్దు. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. అంత పైన గాలి పలచబడుతుంది గానీ కార్బ్ పోసే పెట్రోల్ ఆ మేరకు తగ్గదు. పైకి వెళ్లాక ఐడ్లింగ్ కాస్త బరువుగా ఉంటుంది, పొగలో పెట్రోల్ వాసన వస్తుంది. రెండు మూడు రోజులు ఉంటే మిక్చర్ స్క్రూ పావు చుట్టు లోపలికి తిప్పుతాను. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేదైతే దాని జోలికి పోను.

అసలు చెప్పాల్సిన లోపం ఏటవాలు. ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి కొండదారుల్లోకి తీసుకెళ్తాం కదా. 2022 జనవరిలో వంజంగి కొండ ఎక్కుతుంటే రాళ్ల మధ్య బాగా ఏటవాలుగా ఉన్న చోట బండి ఒక్కసారిగా గొంతు పట్టేసినట్టు ఆగిపోయింది. లోపలంతా పెట్రోల్ వాసన. మా బావమరిది దిగి వెనక చక్రాల కింద రాళ్లు పెట్టాడు. పాత కార్బ్ అరిగిపోయినా ఇలాంటి వాలు మీద ఒక్కసారి కూడా ఇలా ఆపలేదు.

కారణం తర్వాత తెలిసింది. ఈ కార్బ్‌లో ఫ్లోట్ బౌల్ (పెట్రోల్ నిలవుండే గిన్నె) ఒక పక్కకి ఉంటుంది. మా బండిలో అది ముందు వైపుకి వచ్చింది. ముక్కు పైకి లేస్తే బౌల్ ఎత్తులోకి పోయి, పెట్రోల్ జెట్ల వైపు ఒరిగి గొంతులోకి పొంగుతుంది. దిగేటప్పుడు దానికి వ్యతిరేకం, ఇంజిన్‌కి పెట్రోల్ అందదు. దీనికి మూడు పనులు చేయించాం. గేజ్ పెట్టి చూస్తే కార్బ్ దగ్గర ప్రెషర్ దాదాపు 5 పీఎస్‌ఐ ఉంది. వెబర్ ఫ్లోట్ నీడిల్ (గిన్నె నిండగానే పెట్రోల్ దారి మూసేది) అంత ప్రెషర్‌ని ఆపలేకపోతోంది. రెగ్యులేటర్ ముందు నుంచీ ఉంది గానీ దాన్ని ఎవరూ సెట్ చేయలేదు, రెండున్నరకి దించాం. మామూలు నీడిల్ తీసేసి స్ప్రింగ్ ఉన్నది వేశాం, గతుకుల్లో ఫ్లోట్ ఎగిరినా అది మూసే ఉంచుతుంది. ఫ్లోట్ లెవల్ ఒకటిన్నర మిల్లీమీటరు దించాం. మళ్లీ అదే కొండ, అదే రాళ్ల దగ్గర ఆగకుండా ఎక్కింది. అయినా పూర్తిగా పోయిందని చెప్పను. ఒక పక్కకి బాగా ఒరిగి ఎక్కువసేపు ఉంటే ఇప్పటికీ తడబడుతుంది. అలా ఆగిపోతే పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, ఊరికే పంపు చేస్తే ఇంకా మునిగిపోతుంది. వారం వారం రాళ్లలోనే తిరిగేవారికి మాత్రం వెబర్ కంటే ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ దించుకోవడం మేలు.

వేసవి మరో గొడవ. మే నెలలో గంట సేపు నడిపి పది నిమిషాలు ఆపితే ఇంజిన్ వేడికి బౌల్‌లో పెట్రోల్ మరిగి గొంతులోకి కారేది, తర్వాత స్టార్ట్ అయ్యేది కాదు. కార్బ్ కింద మందపాటి బేకలైట్ ప్లేటు వేశాక చాలావరకు తగ్గింది. వేసేముందు బానెట్ మూస్తే ఫిల్టర్‌కి తగులుతుందేమో కొలుచుకోండి.

20 శాతం ఇథనాల్ పెట్రోల్ వచ్చాక మళ్లీ పని పడింది. పెట్రోల్‌కి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అంటే అదే జెట్‌తో మిక్చర్ పలచబడుతుంది. నాకు బండి మెల్లగా వెళ్లేటప్పుడు కుదుపులు మొదలయ్యాయి, ప్లగ్గులు తెల్లబడ్డాయి. 130 తీసి 135 వేశాక సర్దుకుంది. పాత రబ్బరు పైపులు లోపల మెత్తబడి నల్లటి పొడి ఫిల్టర్‌లోకి వచ్చింది. అన్నీ ఇథనాల్‌ని తట్టుకునే పైపులకి మార్చాను. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది. మా ఇల్లు వాల్తేరులో, సముద్రపు గాలి ఇంట్లోకే వస్తుంది. వానాకాలంలో పది రోజులు బండి తీయకపోతే బౌల్ అడుగున సున్నంలాంటి తెల్లటి పొడి పేరుకుంటోంది. ఆరు నెలలకోసారి మూత విప్పి తుడుస్తున్నాను. లింకేజీ స్ప్రింగులు కూడా తుప్పు పడతాయి, నెలకోసారి నూనె చుక్క వేయాలి.

ఇప్పుడు మైలేజీ ఊళ్లో తొమ్మిది, హైవే మీద పదకొండు. పొల్యూషన్ పరీక్షలో ఈ వయసు బండికి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. జెట్లు మార్చకముందు 4.8 వచ్చి ఫెయిలైంది, ఇప్పుడు 1.9. 970 సీసీ పాత జిప్సీ ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకండి, ఆ ఇంజిన్‌కి ఇది పెద్దది. దగ్గర్లో జెట్లు తెలిసిన మేస్త్రి లేకపోయినా వద్దు.

పాత కార్బ్‌కి బుష్‌లు వేయించి పేపర్‌లో చుట్టి దాచాను. ఇంకా బయటికి తీసే అవసరం రాలేదు. మొన్న నవంబర్‌లో చింతపల్లి దగ్గర ఐడ్లింగ్ పోయి, కాలు తీస్తే బండి ఆగిపోవడం మొదలైంది. టీ కొట్టు ముందు ఆపి, రెండు టీలు చెప్పి, బానెట్ ఎత్తాను. ఐడిల్ జెట్ బయటి నుంచే ఊడుతుంది, మూత విప్పక్కర్లేదు. స్క్రూడ్రైవర్‌తో తీసి ఆకాశం వైపు పట్టుకుని చూస్తే కన్నం నల్లగా ఉంది. గట్టిగా ఊదాను, మళ్లీ పట్టుకుంటే చుక్కంత వెలుగు కనిపించింది. బిగించి స్టార్ట్ చేస్తే గోడ గడియారంలా ఆడింది. టీ ఇంకా వేడిగానే ఉంది.